ఆఫ్రికా బొమ్మల ముఖం మీద ఆ గాట్లు ఎందుకు, మెడ చుట్టూ ఆ వలయాలు ఎందుకు?

మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను, మధ్యలో చేరినవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీ అన్నయ్య పశ్చిమ ఆఫ్రికాలో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ నుంచి నల్లటి చెక్క తల ఒకటి తెచ్చారు. పెద్ద నుదురు, సగం మూసిన సన్నటి కళ్లు, చిన్న నోరు, బుగ్గల మీద గాట్లు, మెడ చుట్టూ వలయాలు. ఇంట్లో పెద్దవాళ్లు చూసి "ఇదేం అందం, భయమేస్తోంది" అన్నారు. మీరు నెట్‌లో వెతికితే పెదవికి పళ్లెం పెట్టుకున్న ఆడవాళ్ల ఫొటోలు వచ్చాయి. ఇవన్నీ నిజంగా అందం కోసమేనా, వీటికి అర్థం ఉందా, ఆ బొమ్మ అసలుదేనా అని అడిగారు.

నేను 1982 నుంచి పదకొండేళ్లు నైజీరియాలో లెక్కల మాస్టారుగా పనిచేశాను, ఎక్కువ కాలం పోర్ట్ హార్‌కోర్ట్ దగ్గర. తిరిగొచ్చాక కూడా ఈ విషయం వదల్లేదు, దొరికిందల్లా చదువుతూ, చూడగలిగిన మ్యూజియంలన్నీ చూస్తూ వచ్చాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు మీ బొమ్మ. మీరు చెప్పిన గుర్తులన్నీ చూస్తే అది సియెర్రా లియోన్‌లోని మెండే వాళ్ల సోవెయ్ ముసుగు, లేదా దాన్ని చూసి చేసిన నకలు. ముసుగు అంటే ముఖానికి కట్టుకునేది అనుకోకండి, హెల్మెట్‌లా తల మొత్తం దూర్చి పెట్టుకుంటారు, కింద ఒళ్లంతా నల్లటి రాఫియా నార వేలాడుతుంది. సాండే అనే ఆడవాళ్ల సంఘం ఒకటుంది, ఆడపిల్లలు పెద్దమనుషులయ్యే వయసులో వాళ్లను కొంతకాలం ఊరికి దూరంగా ఉంచి, ఇల్లు, వైద్యం, పాటలు, ఆట, నడవడిక అన్నీ నేర్పేది ఆ సంఘమే. ఆ సంఘపు దేవత ఊళ్లోకి వచ్చిందంటే ఈ ముసుగు వేసుకుని ఆడుతుంది. ఆఫ్రికాలో ముసుగు చెక్కేదీ మగవాళ్లే, వేసుకుని ఆడేదీ దాదాపు అంతటా మగవాళ్లే. ఇక్కడ మాత్రం చెక్కేది మగవాళ్లయినా వేసుకునేది ఆడవాళ్లు. అందుకే దీనికి అంత పేరు.

ఇప్పుడు ఆ ముఖాన్ని మళ్లీ చూడండి. నుదురు పెద్దగా ఉంది, ఎందుకంటే తెలివి అక్కడుంటుంది. కళ్లు కిందికి వాలి ఉన్నాయి, ఎవరినీ తేరిపార చూడదు. నోరు చిన్నది, మూసి ఉంది, చాడీలు చెప్పని నోరది, పైగా ఆ దేవత మాట్లాడదు. జుట్టు ఎంత ఒత్తుగా ఉన్నా ఒక్క వెంట్రుక చెదరకుండా పాయలు పాయలుగా అల్లి ఉంటుంది. మెండే ఊళ్లో జుట్టు విరబోసుకుని తిరిగే ఆడదాన్ని చూస్తే మతి చెడిందనో నడవడి బాగాలేదనో అనుకునేవాళ్లు. జుట్టు అల్లించుకోవడానికి ఇంకొక ఆడమనిషి కావాలి, తన జుట్టు తను అంత బాగా అల్లుకోలేదు కదా, కాబట్టి అల్లిన తల అంటే నలుగురిలో కలిసి బతికే మనిషి అని అర్థం.

మెడ వలయాలకు రెండు అర్థాలు చెబుతారు, రెండూ నిజమే. ఒకటి, ఒంటి నిండా కండ ఉన్న, తిండికి లోటులేని, బిడ్డల్ని కనగల ఆరోగ్యవంతురాలి మెడ మీద పడే మడతలు. మన కావ్యాల్లో నాయిక మెడను శంఖంతో పోల్చి, దాని మీద మూడు గీతల్ని అందంగా చెప్పలేదా, అలాగే అనుకోండి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. ఆ దేవత నీళ్లడుగున ఉంటుంది, పైకి లేచి వచ్చేటప్పుడు తల చుట్టూ నీళ్లు వలయాలు వలయాలుగా విడిపోతాయి, మెడ మీద ఉన్నవి ఆ అలలు. నల్లటి నునుపు కూడా అందుకే, తడి ఒంటి మెరుపది. పూర్వం ఆకుల రంగు పట్టించి పామాయిల్ రుద్దేవాళ్లు, తర్వాత్తర్వాత బూట్ పాలిష్ కూడా వాడారు.

ఇంకో ముసుగు సంగతి చెబితే ఇదంతా ఇంకా బాగా అర్థమవుతుంది. గోండే అని ఒకటుంది. ముక్కు వంకర, నోరు పెద్దది, రంగు వెలిసిపోయి, ఒంటి మీద చెత్తా చెదారం తగిలించుకుని వస్తుంది. జనాన్ని నవ్విస్తుంది, పిల్లల వెంట పడుతుంది, డబ్బులడుగుతుంది. సోవెయ్ పాటించే ప్రతి నియమాన్నీ ఇది తప్పుతుంది. రెండింటినీ ఒకే మైదానంలో చూసిన ఆడపిల్లకు అందం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక సంగతి దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. ఈ సాండే దీక్షలో ఆడపిల్లల జననాంగం కోసే ఆచారం ఉంది. అది ఆ పిల్లల ఒంటికి జీవితాంతం చేసే హాని, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. సియెర్రా లియోన్ ఆడవాళ్లే దాని మీద పోరాడుతున్నారు, ఆ కోత లేకుండా మిగతా దీక్ష అంతా జరిపించే ఊళ్లు కూడా ఉన్నాయి. ముసుగు అందాన్ని మెచ్చుకుంటూ దీని గురించి నోరెత్తకపోవడం తప్పు, దీన్ని చూపించి మొత్తం సంప్రదాయాన్ని అనాగరికం అనేయడం కూడా అంతే తప్పు.

ఇక గాట్లు. మనకు పచ్చబొట్టు తెలుసు. కానీ చాలా నల్లటి చర్మం మీద పచ్చబొట్టు రంగు అంతగా కనిపించదు. అందుకని అక్కడ చాలాచోట్ల చర్మాన్ని ఉబ్బెత్తుగా మార్చి బొమ్మ కడతారు. ముల్లుతోనో కొక్కెంతోనో చర్మాన్ని కొద్దిగా లేపి, కత్తితో కోసి, బూడిదో బొగ్గుపొడో రుద్దితే మానేటప్పుడు ఆ చోటు గింజలా ఉబ్బుతుంది. వరసగా పెడితే చేత్తో తడిమి చదవగలిగే డిజైన్ అవుతుంది. ఇవి చూడటానికి ఎంతో తాకటానికీ అంతే. కాంగోలోని లూబా వాళ్ల శిల్పాల్లో ఆడవాళ్ల పొట్ట మీద, వీపు మీద ఈ గింజల వరసలు ఎంత శ్రద్ధగా చెక్కుతారంటే ముఖం కంటే అక్కడే ఉలి ఎక్కువసేపు ఆడిందనిపిస్తుంది. అంగోలా, కాంగో వైపున్న చోక్వే వాళ్ల ప్వో ముసుగుకు కళ్ల కింద చిన్న గాట్లుంటాయి, వాటిని కన్నీళ్లు అంటారు. ఆ ముసుగు ఆడమనిషిది, వేసుకుని ఆడేది మగవాడు, తల్లుల గౌరవార్థం.

నేను బాగా దగ్గర్నుంచి చూసింది నైజీరియాలోని యోరుబా అనే జాతి వాళ్ల గాట్లు. మా స్కూల్లో పనిచేసిన పెద్ద వయసు యోరుబా మాస్టార్లకు చాలామందికి బుగ్గల మీద గీతలుండేవి. ఆ గీతలకు యోరుబా మాట "ఇలా" (ila), వాటిని వేసే వంశాన్ని ఒలోలా అంటారు. ఏ ఊరు, ఏ కుటుంబం అన్నది ముఖం చూసి చెప్పేవాళ్లు. యుద్ధాలూ బానిస వ్యాపారమూ ముమ్మరంగా ఉన్న కాలంలో తప్పిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి అదే ఆధారం అని వాళ్లే చెప్పేవాళ్లు. కానీ వాళ్లలో ఒకాయన తన కొడుక్కి వేయించలేదు. "నాకు వేసినప్పుడు నన్నెవరూ అడగలేదు" అన్నాడు. 2003లో నైజీరియా తెచ్చిన బాలల హక్కుల చట్టం పిల్లల ఒంటి మీద పచ్చబొట్టు, గాట్లు వేయడాన్ని నేరం చేసింది, సరైన పనే చేసింది. ఆ గీతల్లో కుటుంబ చరిత్ర ఉందన్నది నిజం, చంటిబిడ్డకు నోరు లేదన్నదీ నిజం.

యోరుబాలో ఒక మాటుంది, ఇవా లేవా. ఇవా అంటే నడవడి, ఎవా అంటే అందం, నడవడే అందం అని. మనం "గుణం చూడాలి గానీ రూపం కాదు" అంటాం, అందులో రూపాన్ని పక్కకు నెడతాం. వాళ్లు నెట్టరు. గుణం ఉందంటే అది ఒంటి మీద కనపడాలి: శుభ్రంగా, నూనె పట్టించిన చర్మంతో, చక్కగా దువ్విన తలతో, నెమ్మదైన నడకతో. వాళ్ల శిల్పంలో కూడా ముసలి రాజునైనా పడుచువాడిలాగే చెక్కుతారు, మనిషి నిండు వయసులో ఎలా ఉండాలో అలా. పోలిక ఉండాలి గానీ మరీ అచ్చుగుద్దినట్టు ఉండకూడదు అంటారు.

ఇబెజి బొమ్మలు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యోరుబా వాళ్లలో కవలలు చాలా ఎక్కువ పుడతారు, ప్రపంచంలోనే ఎక్కువ అని పేరు. కవలల్లో ఒకరు పోతే జానెడు చెక్క బొమ్మ చెక్కిస్తారు, దానికి తల్లి రోజూ స్నానం చేయించి, తిండి తాకించి, ఎర్రచెక్క పొడి రుద్ది, జుట్టుకు నీలిమందు పూసి, పూసలు కట్టి, బతికున్న బిడ్డతో పాటు పెంచుతుంది. మ్యూజియంలో చూసినప్పుడు కొన్నిటికి కళ్లూ ముక్కూ దాదాపు ఉండవు, నునుపుగా అరిగిపోయి ఉంటాయి. పనితనం తక్కువై అలా లేవు, ఏళ్ల తరబడి తల్లి చేతులు కడిగి కడిగి అరిగాయి. మొదటిసారి ఆ సంగతి తెలిసి ఆ అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడిపోయాను.

నాకు అక్కడ అర్థమైంది ఇదే. పుట్టుకతో వచ్చిన ఒళ్లు వాళ్ల దృష్టిలో ఇంకా పూర్తికాని పని. దాన్ని మనిషిగా తీర్చేది చుట్టూ ఉన్నవాళ్ల చేతులు. అల్లే చేయి, రుద్దే చేయి, గాటు పెట్టే చేయి, పూసలు గుచ్చే చేయి. శిల్పి చెక్కేది కూడా ఆ చేతుల పనినే. మీ ముసుగులో జుట్టునూ మెడనూ అంత వివరంగా చెక్కి, కళ్లనూ నోటినీ గీతల్లా వదిలేయడానికి కారణం అదే.

పగడాల సంగతి చెప్పకపోతే నా సమాధానం సగమే. నైజీరియాలోనే బెనిన్ రాజ్యం ఉంది, అక్కడి రాజు ఒబా పండగ రోజున తల నుంచి కాళ్ల దాకా పగడాల దుస్తుల్లో ఉంటాడు, గడ్డం దాకా పగడాల కంటె. అవి మధ్యధరా సముద్రపు పగడాలు, పోర్చుగీసు ఓడల్లో వచ్చాయి. 16వ శతాబ్దంలో రాజమాత ఇడియా ముఖాన్ని దంతంలో చెక్కారు, తలపై వరసగా పోర్చుగీసు వాళ్ల గడ్డాల తలలు, నుదుటి మీద రెండు నిలువు గీతల్లో పొదిగిన ఇనుము. 1897లో ఇంగ్లిష్ సైన్యం బెనిన్ నగరాన్ని తగలబెట్టి దోచుకుంది, ఆ దంతపు ముఖాల్లో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఒకటి న్యూయార్క్‌లో ఉంది. 1977లో లేగోస్‌లో జరిగిన పెద్ద కళోత్సవానికి అదే ముఖాన్ని గుర్తుగా పెట్టుకుని, ఒక్కసారి అరువివ్వమని అడిగినా బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. నేను అక్కడికి వెళ్లిన కొత్తలో కూడా టీచర్లు దీని గురించి కోపంగా మాట్లాడుకునేవాళ్లు, ఆ కోపం న్యాయమైనది.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది చీరాల దగ్గర, మగ్గం ఉన్న ఇల్లు. చిన్నప్పుడు మా వైపు ఎర్ర గళ్లు, నీలం గళ్లు ఉన్న గుడ్డ నేసేవాళ్లు, మద్రాసు రుమాలు అనేవాళ్లు, ఎక్స్‌పోర్ట్ సరుకు అని తప్ప ఎవరు కట్టుకుంటారో మాకు తెలియదు. మన ఊళ్లో ఎవరూ కట్టేవాళ్లు కాదు. పోర్ట్ హార్‌కోర్ట్ దగ్గర నది పాయల మధ్య దీవుల్లో కలబారి అనే జనం ఉంటారు. నాతో పనిచేసే ఒక కలబారి టీచర్ వాళ్ల నాయనమ్మ పోతే బుగుమా అనే వాళ్ల ఊరికి వెళ్లాను. నిండు వయసులో పోయిన మనిషి కాబట్టి ఆ ఇంట్లో గదులు గదులుగా మంచాలు అలంకరించారు, గోడలకూ పైకప్పుకూ గుడ్డలు, రాత్రంతా ఆమెను ఒక మంచం మీది నుంచి ఇంకో మంచం మీదికి మారుస్తున్నారు. ఒక గది నిండా మా ఊరి గళ్ల గుడ్డ. వాళ్లు దాన్ని ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినప్పుడు చుట్టేదీ అదే, పోయినప్పుడు పరిచేదీ అదే. నేను ఇది మా ఊళ్లో నేస్తారు అంటే ఆ ముసలమ్మలు మొదట నమ్మలేదు, వాళ్ల లెక్కలో అది కలబారి గుడ్డ.

ఒక విధంగా వాళ్లదే నిజం. ఎందుకంటే ఆ గుడ్డను వాళ్లు ఉన్నదున్నట్టు కట్టరు. బ్లేడుతో కొన్ని పోగులను జాగ్రత్తగా లేపి, కోసి, లాగేస్తారు. ఎక్కువగా లేత రంగు పోగులు తీస్తారు. అలా తీసినచోట్ల గుడ్డ పలచబడి, జాలీలా మారి, గళ్లలోంచి కొత్త డిజైన్ పుడుతుంది. దాన్ని పెలెటే బిటే అంటారు. మా నాన్న పోగు పోగు కలిపి నేసిన గుడ్డలోంచి వాళ్ల ఆడవాళ్లు పోగు పోగు తీసి తమ గుడ్డ చేసుకుంటారు. ఉత్తరంలో ఈ సంగతి రాస్తే నాన్న చాలా రోజులు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించారట. కలబారి ఆడమనిషి ఒంటి మీద గుడ్డ ఎంత ఉందన్నది ఆమె వయసును బట్టి, స్థానాన్ని బట్టి పెరుగుతూ వస్తుంది. బిడ్డను కన్నాక కొన్ని వారాలు పని చేయనీయకుండా బాగా తినిపించి, ఒళ్లు చేశాక, పగడాలూ మందపాటి గుడ్డల దొంతరలూ వేసి ఊళ్లోకి తీసుకొస్తారు. సన్నగా ఉన్న బాలింతను చూస్తే ఆ ఇంటివాళ్లకే చిన్నతనం.

మనకూ ఆఫ్రికాకూ పూసల బంధం ఇంకా పాతది. దక్షిణాఫ్రికాలో లింపోపో నది దగ్గర మపుంగుబ్వే అనే కొండ ఉంది, 13వ శతాబ్దపు రాజుల సమాధుల్లో బంగారపు ఖడ్గమృగం దొరికింది అక్కడే. ఆ సమాధుల్లోనూ చుట్టుపక్కలా వేలకొద్దీ గాజు పూసలు, వాటిలో హిందూ మహాసముద్రం దాటి వెళ్లినవి ఉన్నాయి. గాజును గొట్టంలా పొడుగ్గా లాగి ముక్కలు చేసే ఆ పాత పద్ధతిని మన శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో 20వ శతాబ్దం దాకా కాపాడుకున్నారు.

చాలామంది అలంకారం అనగానే "దాని ఉపయోగం ఏమిటి" అని అడుగుతారు. నమీబియాలో హింబా ఆడవాళ్లు ఎర్రమట్టి, వెన్న కలిపిన ఓట్జిజె ఒంటికీ జుట్టుకూ పూసుకుంటారు, అది ఎండ నుంచి కాపాడుతుంది అని చెబితే మనకు తృప్తిగా ఉంటుంది. కాపాడుతుంది, నిజమే. అయితే సువాసన కోసం అందులో చెట్టు బంక ఎందుకు కలుపుతారు? అందంగా ఉండటానికి. మొరాకోలో బిజ్మూన్ గుహలో చిల్లులు పెట్టిన గవ్వ పూసలు దొరికాయి, లక్షా నలభై రెండు వేల ఏళ్ల పైమాటే. వ్యవసాయానికి లక్షా ముప్ఫై వేల ఏళ్ల ముందే మనిషి మెడలో పూసలున్నాయి. ఆకలి తీర్చనిదీ చలి కాయనిదీ అయినా ఎవరో కూర్చుని గుచ్చారు.

పెదవి పళ్లెం గురించి అడిగారు కదా. ఇథియోపియాలో ఓమో నది దగ్గర ముర్సి, సూరి ఆడవాళ్లు పెట్టుకుంటారు. 15, 16 ఏళ్లప్పుడు కింది పెదవికి చిన్న కోత పెట్టి పుల్ల గుచ్చి, నెలల తరబడి పెద్ద పుల్లలు మారుస్తూ, చివరికి మట్టి పళ్లెం పెడతారు. అది రోజంతా ఉండదు, భర్తకు భోజనం వడ్డించేటప్పుడు, పాలు పితికేటప్పుడు, వేడుకల్లో పెట్టుకుంటారు. బానిస వ్యాపారులు ఎత్తుకుపోకుండా కావాలని వికారంగా చేసుకున్నారు అనే కథ నెట్‌లో ప్రతిచోటా ఉంటుంది, దానికి ఆధారం లేదు, వాళ్లతో ఏళ్ల తరబడి ఉన్న పరిశోధకులు ఒప్పుకోరు. మీరు చూసిన ఫొటోల్లో తల మీద కొమ్ములూ పళ్లూ పెట్టుకున్నవి చాలావరకు టూరిస్టులు ఫొటోకి ఇంత అని డబ్బులిస్తారు కాబట్టి వేసుకున్న వేషాలు. ఆ ఫొటోలు చూసి ముర్సి వాళ్ల మీద ఒక అభిప్రాయానికి రావద్దు.

అలంకారం ఆడవాళ్లకే అనుకునేవాళ్లు నైజర్‌లో వొడాబె మగవాళ్లను చూడాలి. వానాకాలం చివర్లో గెరెవోల్ పండగలో యువకులు ముఖానికి రంగు పూసి, పెదాలకు కాటుక రాసి, ముక్కు పొడుగ్గా కనపడేలా నిలువు గీత గీసి, పళ్లూ కళ్ల తెల్లదనమూ కనపడేలా కళ్లు పెద్దవి చేసి గంటల తరబడి ఆడతారు. న్యాయనిర్ణేతలు పడుచు అమ్మాయిలు. పశువుల వెంట ఎడారి అంచున తిరిగే జనం, పెట్టెలో చిన్న అద్దం లేకుండా మాత్రం బయలుదేరరు.

ఇక మీ బొమ్మ అసలుదా కాదా అన్నది. మీరు పెట్టిన ఫొటోలో నాకు ముందువైపే కనిపిస్తోంది, దాన్ని బట్టి చెప్పలేను. తిరగేసి కింది అంచు చూడండి. ఆడిన ముసుగైతే అంచు చుట్టూ రాఫియా కట్టడానికి చిల్లులుంటాయి, ఆ చిల్లుల దగ్గర తాడు ఒరిసి అరిగి ఉంటుంది. లోపల తల పట్టేంత ఖాళీ ఉండాలి, నుదురూ చెంపలూ తగిలేచోట చెక్క చెమటకు నునుపు తేలి నల్లబడి ఉంటుంది. చిల్లులు కొత్తగా ఉండి లోపల ఉలి గుర్తులు పదునుగా ఉంటే అమ్మకానికి చేసింది, అందులో తప్పేమీ లేదు, ఫ్రీటౌన్‌లో ఆ పనిమీదే బతికే శిల్పులున్నారు, చేయి మంచిదైతే అదీ మంచి బొమ్మే. తడిగుడ్డతో తుడవకండి, పాలిష్ పెట్టకండి, ఎండ తగలనిచోట ఉంచి పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. అంచూ లోపలా స్పష్టంగా కనిపించేలా, పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టండి, చూసి చెబుతాను.